పెద్దలలో అవధాన లోపము: నిదానము, చికిత్స

ధర్మవరములో పట్టుచీరలు నేసే ఒక గృహస్థు రెండేళ్ళు నా వద్ద వైద్యము చేయించుకొన్నాడు. వయస్సు 35. పనితనములో మంచి పేరున్నవాడు. కొత్త అంచు, కొత్త కొంగు చేతికి వస్తే తెల్లవార్లు గుంట మగ్గములోనుండి లేవడు. ఆ మోజు తీరగానే సగము నేసిన చీర అలాగే ఉండిపోతుంది, మనస్సు మరొక పని మీదికి పోతుంది. షావుకారు వద్ద అడ్వాన్సు తీసుకొన్న చీర గడువుకు అందదు. స్కూటరు తాళము రోజూ వెదకవలసిందే. ఎదుటివారి మాట ముగియకముందే అందుకొంటాడు. చిన్నమాటకు భగ్గుమంటాడు, మరుక్షణము మరచిపోతాడు. అప్పులు పెరిగినవి. సోమరి అని బంధువులు, తాగుతాడేమో అని షావుకారు. రెండూ నిజము కావు.

నేను నాడి చూచినాను. వాతము ప్రకోపించినదని నిశ్చయించి సారస్వతారిష్టము, బ్రాహ్మీఘృతము ఇచ్చినాను. అభ్యంగనము, శిరోధార చేయించినాను. నిద్ర బాగుపడినది, దేహము తేరుకొన్నది. చీర మాత్రము గడువుకు అందలేదు. పథ్యము సరిగా చేయడము లేదని రోగి మీదనే నెపము వేసినాను. వైద్యులకు అది ఎప్పుడూ సులభమైన మార్గమే.

ఒకనాడు అతని తల్లి మోకాళ్ళ నొప్పికి నూనె ఇచ్చుటకు వారి ఇంటికి వెళ్ళినాను. మాటల మధ్య ఆమె అన్నది: "వీడు బడికి పోయిన కాడ్నించీ ఇంతే సామీ. పలక యాడో, బలపం యాడో, వీడు యాడో! అయ్యవారు కొట్టీ కొట్టీ అలిసిపోయినాడు."

దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు పరీక్షలు గురుకులములో మా గురువుగారు నేర్పినారు. నేను చూచినాను, తాకినాను. నీవు చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడివని రెండేళ్ళలో ఒక్కసారి అడుగలేదు.

బాల్యమును అడుగవలె

ఈ లక్షణ సముదాయమును నేటి వైద్యులు ఏ.డి.హెచ్.డి. అంటారు. అవధాన లోపము, అతిచాంచల్యము అని మనము చెప్పుకొనవచ్చును. పేరు కొత్తదే గాని బాధ కొత్తది కాదు. అవధానము నిలువని స్థితిని గురించి 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండు వైద్యుడు వ్రాసినాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే శిశువైద్యుడు ఇట్టి పిల్లలను గురించి ఉపన్యాసములు ఇచ్చినాడు. చాలాకాలము దీనిని పిల్లల జబ్బుగానే ఎంచి, మీసము వచ్చేసరికి అదే పోతుందని తలచినారు. అందరిలోనూ పోదు. పెద్దలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉన్నదని నేటి అంచనా. వయస్సు వచ్చిన కొద్దీ కాళ్ళ పరుగు తగ్గుతుంది, లోపలి పరుగు మిగులుతుంది. ఆడపిల్లలలో ఆ కాళ్ళ పరుగు కూడ తక్కువే. కిటికీలోనుండి చూస్తూ కూర్చున్న పిల్లను ఏ ఉపాధ్యాయుడూ పట్టించుకొనడు. అందువలన స్త్రీలలో ఇది మరింత ఆలస్యముగా బయటపడుచున్నది.

దీనికి రక్తపరీక్ష లేదు. తల స్కానులో తేలదు. నాడిలోనూ తేలదని నా అనుభవము. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము ప్రకటించిన నిదాన గ్రంథములో అనవధానమునకు 9, చాంచల్యమునకు, దుడుకుతనమునకు కలిపి 9 లక్షణములు చెప్పబడినవి. 17 ఏండ్లు నిండినవారిలో వీటిలో ఒక వర్గమునందైనా కనీసము 5 ఉండవలె. ఆరు నెలలుగా ఉండవలె. ఇంటివద్ద ఒక్కచోటనే గాక పనివద్ద కూడ కనబడవలె, బ్రతుకునకు అడ్డు రావలె. అన్నిటికంటె ముఖ్యము, వాటిలో కొన్ని 12 ఏండ్లలోపుననే కనిపించి ఉండవలె. అందుచేత తల్లిని, అన్నను, పాత ప్రోగ్రెసు కార్డును విచారించక ఈ నిదానము చేయరాదు.

చరకసంహిత సూత్రస్థానము 20వ అధ్యాయములో వాతవికారములు 80 చెప్పబడినవి. వాటిలో కడపటిది అనవస్థిత చిత్తత్వము, అనగా చిత్తము ఒకచోట నిలువకపోవడము. విమానస్థానములో వాతప్రకృతి గలవారు విన్నది త్వరగా గ్రహిస్తారని, త్వరగా మరచిపోతారని ఉన్నది. అంతమాత్రముచేత ఏ.డి.హెచ్.డి. మన గ్రంథములలో ఎప్పుడో ఉన్నదని జబ్బలు చరచుకొనడము నాకు నచ్చదు. ప్రకృతి వేరు, వ్యాధి వేరు. వాతప్రకృతి గలవాడు తాళము మరచిపోవచ్చును. అంతమాత్రాన వాని సంసారము అప్పులపాలు కాదు.

ఇదే నిదానమును తొందరపడి అంటగట్టినా ప్రమాదమే. హిందూపురము నుండి ఒక చింతపండు వ్యాపారి వచ్చినాడు. వయస్సు 48. ఫోనులో ఏదో వీడియో చూచి, తనకు ఈ జబ్బే ఉన్నదని తానే తేల్చుకొన్నాడు. మతిమరుపు ఎప్పటినుండి అంటే రెండేళ్ళ నుండి అన్నాడు. బడిలో ఎక్కములు, పద్యములు ఒక్కటి తప్పకుండ అప్పజెప్పినవాడు! భార్యను అడిగినాను. రాత్రి గట్టిగా గురక పెడతాడని, నడుమ నడుమ ఊపిరి ఆగినట్లుంటుందని, పగలు కొట్టులో కూర్చొని కునుకుతాడని ఆమె చెప్పినది. అది నిద్రలో శ్వాస ఆగే వ్యాధి. దానికి మార్గము వేరు. 2019లో పెనుకొండ దాపున కార్ల కర్మాగారము నడక ప్రారంభించిన తరువాత ఆ ప్రాంతపు యువకులు పలువురు వంతుల పనులలో చేరినారు. రాత్రి వంతు చేసి పగలు నాలుగు గంటలు పడుకొన్నవానికి మనస్సు నిలువకపోవడము వింత కాదు. థైరాయిడు దోషము, పాండురోగము, విషాదము, మద్యము కూడ ఇదే వేషము వేయగలవు. వీటినన్నిటిని తోసివేసిన పిమ్మటనే ఏ.డి.హెచ్.డి. మాట ఎత్తవలె.

చికిత్స మాట

ధర్మవరపు గృహస్థును తల్లితో కూడ బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపినాను. పెనుకొండ, హిందూపురము మీదుగా రైలు నేరుగా పోతుంది. (అంతదూరము పోలేనివారికి అనంతపురము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము ఉన్నది. 2022లో ఆరంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 అంకెకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.) అక్కడివారు బాల్యమును గురించే ఎక్కువసేపు అడిగినారట. రక్తపోటు, గుండె సంగతి విచారించి, మిథైల్ ఫెనిడేట్ అనే మాత్ర తక్కువ మోతాదులో ఆరంభించినారు. ఇది ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఔషధము. వైద్యుని చీటీ లేక ఇవ్వరాదు, ఇతరులతో పంచుకొనరాదు. మొదట ఆకలి మందగించినది, నిద్ర చెడినది. మాత్ర వేళ ఉదయమునకు మార్చి, మోతాదు సరిచేసిన తరువాత కుదుటపడినాడు. ఇది సరిపడనివారికి ఆటమాక్సెటీన్ వంటి వేరు ఔషధములు కూడ కలవు.

మన ఔషధముల సంగతి దాపరికము లేకుండ చెప్పవలె. మండూకపర్ణి, యష్టిమధువు, గుడూచి, శంఖపుష్పి అను నాలుగింటిని చరకుడు మేధ్యరసాయనములుగా చెప్పినాడు. సరస్వతి ఆకును పచ్చడిగానో పప్పులోనో వారమునకు రెండుమూడు సార్లు తినవచ్చును. కాలేయ వ్యాధి గలవారు, గర్భిణులు వైద్యుని అడిగి తినవలె. అయితే పెద్దలలో ఏ.డి.హెచ్.డి.ని ఇవి కుదుర్చునని చెప్పదగిన గట్టి పరీక్షలు లేవు. ఇంకొక హెచ్చరిక. యష్టిమధువు, అనగా అతిమధురము, నిత్యము సేవిస్తే రక్తపోటును పెంచును. మిథైల్ ఫెనిడేట్ కూడ పెంచును. ఆ మాత్ర వాడేవారు అతిమధురపు చూర్ణము మానవలె. ఏ కషాయము త్రాగుచున్నదీ మానసిక వైద్యునికి చెప్పవలె. మాత్రను తమంతట తాము ఆపరాదు. కాఫీ తగ్గించవలె, లేకున్న గుండెదడ వచ్చును.

వైద్యుడు చేయదగినది సత్త్వావజయము, అనగా మనస్సును అహిత విషయముల నుండి మరల్చి నిలుపుట. ఇక్కడ నాకు మగ్గమే దారి చూపినది. "నీ మగ్గము మీద జాకార్డు అట్టలు కట్టినావు కదా నాయనా. డిజైను ఎవరు గుర్తుపెట్టుకొంటున్నారు, నీవా, అట్టలా?" అని అడిగినాను. "అట్టలే సామీ" అన్నాడు. అట్లయితే రోజుకు కూడ అట్టలు కట్టుమన్నాను. తలుపు ప్రక్కన మేకు, తాళము దానికే. మగ్గము ఎదుట నల్లపలక. దాని మీద ఆ దినపు పని, మూడు వరుసలకు మించకుండ. అడ్వాన్సు తీసుకొన్ననాడే గడువు తేదీ గోడమీద వ్రాయడము, ఆ డబ్బు భార్య చేతికి ఇవ్వడము. అరగంట నేత, ఐదు నిమిషములు లేచి తిరగడము, మరల నేత. కొలతలు చూచేటప్పుడు ప్రక్కన ఎవరైనా ఊరక కూర్చుంటే చాలును, పని సాగుతుంది. రాత్రి పది గంటలకు ఫోను భార్య వద్ద, అరికాళ్ళకు నువ్వులనూనె, పడక.

ఏడాది గడచినది. ఎత్తుకొన్న చీర దింపిన తరువాతనే రెండవది ఎత్తుకొంటున్నాడు. ఇప్పటికీ మాటకు అడ్డము వస్తాడు. పాత అప్పు తీరలేదు. పలక వ్రాయడము మరచిన రోజులూ ఉన్నవి. ఆ రోజు భార్య వ్రాస్తుంది. నన్ను సోమరి అనుకొన్నారు సామీ, నేనూ అనుకొన్నాను అని ఒకసారి అన్నాడు. ఆ రెండేళ్ళు నేనూ దాదాపు అట్లే అనుకొన్నానని అతనికి చెప్పినాను.

ఈ వ్యాధి వంశములో పారుతుంది. మొన్న ఆ తల్లి మనవడిని వెంటబెట్టుకొని వచ్చినది. ఎనిమిదేండ్లవాడు, ఆ సంవత్సరమునకు మూడవ పలక పోగొట్టినాడట. ఆమె వాని చేయి నా వైపు చాచినది. నాడి తరువాత చూతునని చెప్పి, బడి నోటు పుస్తకము తెమ్మన్నాను.