లా పట్టా సరిహద్దు దాటుతుంది.. కుల ధ్రువపత్రం దాటదు!

వ్యాసర్‌పాడి: ప్లస్‌ టూ ఫలితాలు రాగానే ఉత్తర చెన్నై తెలుగు ఇళ్లలో ఇంజినీరింగా, బీకామా అన్న చర్చే ఎక్కువ. లా చదవాలనుకునే పిల్లలు మాత్రం దరఖాస్తుకు ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

ఐదేళ్లా.. మూడేళ్లా?

ప్లస్‌ టూ అయినవారికి బీఏ ఎల్‌ఎల్‌బీ వంటి ఐదేళ్ల కోర్సులు, డిగ్రీ ఉన్నవారికి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. వకీలుగా నమోదుకు రెండూ సమానమే. బార్‌ కౌన్సిల్‌ నిబంధనల ప్రకారం కనీసం 45 శాతం మార్కులుండాలి. ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. దూరవిద్యలో లా చదివితే నల్లకోటు వేసుకోవడం కుదరదు.

1891 నాటి మద్రాసు లా కళాశాలే నేటి డాక్టర్‌ అంబేద్కర్‌ ప్రభుత్వ న్యాయ కళాశాల. 2018లో ఇది పుదుపాక్కం, పట్టరైపెరుంబుదూర్‌లకు తరలింది. ఇక్కడ సీటు మార్కులను బట్టే. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో లాసెట్‌ రాయాలి. జాతీయ న్యాయ వర్సిటీల్లో చాలావాటికి క్లాట్‌ ఉంది.

నెల్లూరులోనూ వాదించొచ్చు

అడ్వకేట్స్‌ చట్టం 30వ సెక్షన్‌ 2011 జూన్‌ 15న అమల్లోకి వచ్చింది. చెన్నైలో నమోదై, ఆలిండియా బార్‌ పరీక్ష గట్టెక్కినవారు నెల్లూరు, చిత్తూరు కోర్టుల్లోనూ వాదించొచ్చు. నమోదు రుసుం రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 మించకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

రిజర్వేషన్‌ సంగతి వేరు. ఆంధ్రలో ఎస్టీ అయిన తెలుగు విద్యార్థి బొంబాయిలో మెడికల్‌ సీటు కోరిన మర్రి చంద్రశేఖరరావు కేసులో, ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడు ఎస్సీ జాబితాలో ఆది ఆంధ్ర, మాల, మాదిగ పేర్లున్నా ఆంధ్రలో తీసుకున్న పత్రం పనికిరాదు. కుటుంబం ఎప్పటి నుంచి ఇక్కడ ఉందో చూపే పాత కాగితాలు వెతికిపెట్టుకుని, తాలూకా ఆఫీసుకు ముందే వెళ్లడం మేలు.

ఏ విభాగం?

ఎల్‌ఎల్‌బీతో ఏ కేసైనా చేపట్టొచ్చు. ప్రత్యేకత ఎల్‌ఎల్‌ఎంలోనో, సీనియర్‌ దగ్గరో అబ్బుతుంది. కార్పొరేట్‌, సైబర్‌ చట్టాలకు గిరాకీ ఉన్నా, కార్మిక, స్థిరాస్తి, వాహన ప్రమాద పరిహారం కేసులే బస్తీలకు ఎక్కువ అవసరం. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు రూ.30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. చెన్నై పారిశుద్ధ్య పనిలో తెలుగువాళ్లు ఎందరో. అలాంటి ఇంటికి పరిహారం ఇప్పించాలంటే వాళ్ల గోడు తెలుగులో విని, కింది కోర్టులో తమిళంలో రాసే వకీలు కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన పిల్లలకు ఆ రెండూ వచ్చు.