గుండె ఆరోగ్యానికి యోగా, ప్రాణాయామం: పరిశోధనలు తేల్చినవి, తేల్చవలసినవి

చార్మినార్ ప్రక్కనే గల ప్రభుత్వ నిజామియా ఆసుపత్రిలో అనుసరించే యునానీ వైద్యం నాడీ పరీక్షకు ఎంతో ప్రాధాన్యమిస్తుంది. ఆరోగ్యానికి అత్యావశ్యకమైన ఆరు అంశాలలో ఆ శాస్త్రం మొదట పేర్కొనేది గాలినే. యోగశాస్త్రం శ్వాస నియమాన్ని ప్రాణాయామంగా తీర్చిదిద్దింది. శ్వాసకు, గుండెకు విడదీయరాని సంబంధం ఉన్నదన్న భావన ఈ విధంగా పాతబస్తీ ప్రజలకు కొత్తది కాదు. అయితే ఈ సంబంధం హృద్రోగులకు ఎంతవరకు ఉపకరిస్తుందన్న ప్రశ్నకు పరిశోధనల ఆధారంగానే సమాధానం వెదకవలసి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2019లో 1 కోటి 79 లక్షల మంది గుండె, రక్తనాళాల వ్యాధులతో మరణించారు. ఈ దృష్ట్యా ఈ విషయంలో ప్రజలకు సరైన సమాచారం అందించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

హైదరాబాదులో నాటి పరిశోధన

శ్వాస, గుండెల సంబంధంపై ప్రపంచ వైద్యరంగం దృష్టిని ఆకర్షించిన పరిశోధన చార్మినార్‌కు సమీపంలోనే జరిగింది. క్లోరోఫాం మత్తులో రోగి మరణించినప్పుడు ముందుగా ఆగేది శ్వాసా, గుండెా అన్న వివాదాన్ని తేల్చేందుకు 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ఏర్పాటయ్యాయి. హైదరాబాదు వైద్య పాఠశాలకు నేతృత్వం వహించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వీటిని నడిపించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో, లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుండి లాడర్ బ్రంటన్ రెండవ కమిషన్‌కు విచ్చేశారు. శ్వాస ఆగిన తర్వాతనే గుండె ఆగుతుందని, కనుక వైద్యుడు శ్వాసను గమనిస్తే చాలునని కమిషన్ తేల్చింది. కాగా, 1911లో గుడ్‌మన్ లెవీ జరిపిన ప్రయోగాలలో క్లోరోఫాం నేరుగా గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీయగలదని రుజువైంది. ఎంత పెద్ద పరిశోధన అయినా, దాని ఫలితాన్ని తుది తీర్పుగా ప్రకటించడం రోగులకు ప్రమాదకరం కావచ్చునని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

నిదాన శ్వాస పనిచేసే తీరు

గాలి లోనికి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, విడిచినప్పుడు తగ్గుతుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం నిశ్వాస సమయంలో అధికంగా ఉండడమే ఇందుకు ప్రధాన కారణం. మెడలోని ధమనులలో, బృహద్ధమని వంపులో ఉండే గ్రాహకాలు రక్తపోటు హెచ్చుతగ్గులను పసిగట్టి మెదడుకు తెలియజేస్తాయి. నిమిషానికి సుమారు 6 సార్లు శ్వాసించినప్పుడు, అంటే ఒక్కొక్క శ్వాసకు 10 సెకన్లు పట్టినప్పుడు, శ్వాస లయ రక్తపోటు సహజ లయతో కలిసి ఈ వ్యవస్థ చురుకుగా పనిచేస్తుంది.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైన అధ్యయనంలో 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. క్రైస్తవ జపమాల ప్రార్థన చేసినా, యోగ మంత్రాన్ని పఠించినా శ్వాస నిమిషానికి సుమారు 6కు తగ్గి, రెండింటిలోనూ ఒకే విధమైన ప్రయోజనం కనిపించింది. మేలు చేసినది శ్వాస లయ అని దీనివలన విదితమవుతున్నది. కనుక మంత్రోచ్చారణ ఇష్టపడని వారు అంకెలు లెక్కిస్తూ కూడా ఈ అభ్యాసం చేయవచ్చును. 2005లో 20 మంది అధిక రక్తపోటు రోగులపై జరిపిన మరొక అధ్యయనంలో నిదాన శ్వాస వేళ పై రక్తపోటు సగటున 150 నుండి 141కి తగ్గింది. అయితే ఇది అభ్యాసం జరిగిన కొద్ది నిమిషాలలో నమోదైన మార్పు మాత్రమే. దీర్ఘకాల ఫలితానికి దీనిని నిదర్శనంగా తీసుకోరాదు.

అతిశయోక్తులు, వాస్తవాలు

గుండెను ఆపగలమని చెప్పిన యోగులను వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. శ్వాస బిగబట్టి కండరాలను బిగించినప్పుడు నాడి అందక, గుండె చప్పుడు వినిపించకపోయినా, ఈసీజీలో గుండె కొట్టుకుంటూనే ఉన్నట్లు నమోదైంది.

ఈ రంగంలో జరిగిన పెద్ద పరీక్షలలో యోగా-కేర్ ముఖ్యమైనది. దేశంలోని 24 ఆసుపత్రులలో గుండెపోటు నుండి కోలుకుంటున్న 3,959 మందిని ఇందులో రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి సాధారణ చికిత్సతో పాటు 3 నెలల కాలంలో 13 యోగా శిక్షణ తరగతులు నిర్వహించారు. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం యోగా వర్గంవారు తమ ఆరోగ్యం మెరుగైనదని తెలిపారు, పూర్వపు దైనందిన కార్యకలాపాలకు ఎక్కువగా తిరిగి రాగలిగారు. మరణాలు, తిరిగి గుండెపోటు, పక్షవాతం వంటి సంఘటనలు మాత్రం గణాంకపరంగా తగ్గినట్లు రుజువు కాలేదు. ఈ సంఘటనలు ఊహించిన దానికంటే తక్కువగా జరిగినందున తుది నిర్ణయానికి రావడం సాధ్యపడలేదు. యోగా వలన కోలుకోవడం సులభమవుతుందనడానికి ఆధారం ఉన్నది. అది ప్రాణాపాయాన్ని తప్పిస్తుందనడానికి తగిన ఆధారం ఇంకా లభించవలసి ఉంది.

పాటించవలసిన జాగ్రత్తలు

ఈ వ్యత్యాసాన్ని ఆరోగ్య శిబిరాలు నిర్వహించే అధికారులు, వార్తలు రాసే పాత్రికేయులు గుర్తించడం అత్యవసరం. యోగాతో గుండెజబ్బు నయమవుతుందన్న ఒక్క శీర్షిక చదివి రోగి రక్తపోటు మాత్రలు మానివేస్తే జరిగే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. యోగా చికిత్సకు తోడుగా ఉండాలేగాని, దానికి ప్రత్యామ్నాయం కారాదు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు శ్వాస బిగబట్టడం, భస్త్రిక, కపాలభాతి వంటి వేగవంతమైన క్రియలు, తలక్రిందులుగా చేసే ఆసనాలు వైద్యుని సలహా లేకుండా చేయరాదు. సుఖంగా కూర్చొని, బిగబట్టకుండా, నెమ్మదిగా గాలి పీల్చి అంతకంటే నెమ్మదిగా విడవడం చాలామందికి క్షేమకరమైన పద్ధతి. తల తిరిగినా, ఆయాసం కలిగినా వెంటనే మానివేయాలి.

ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేతికి లేదా దవడకు ప్రాకే నొప్పి, చల్లని చెమటలు కనిపించినప్పుడు ప్రాణాయామంతో కాలయాపన చేయరాదు. తక్షణమే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరుకోవాలి. గుండెపోటులో ప్రతి నిమిషం ఆలస్యానికి గుండె కండరం కొంత శాశ్వతంగా దెబ్బతింటుందన్న విషయాన్ని ప్రతి కుటుంబానికి తెలియజేయడం యోగా శిక్షణలో అంతర్భాగం కావలసి ఉంది.