సెల్లు పోయింది

మీటరు 10.5 వోల్టుల దగ్గర ఆగగానే మేస్త్రి మూతలు కూడా విప్పకుండా తేల్చేశాడు: "ఒక సెల్లు పోయింది బాబూ." విశాఖ ఆటోనగర్ బ్యాటరీ షాపుల్లో రోజూ వినిపించే మాటే. ఇందులో మాయేమీ లేదు, తీసివేత లెక్క. నిండుగా చార్జయిన సీసపు సెల్లు ఒక్కోటీ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు కలిస్తే 12.6. అందులోంచి ఒక సెల్లు తీసెయ్యండి.

పోయింది ఏదో తెలియాలంటే హైడ్రోమీటరు ముంచాలి. రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే గాజు గొట్టంలోకి యాసిడ్ ఎక్కి, లోపలి బుల్లి ఫ్లోటు పైకి లేస్తుంది. ఐదు సెల్లుల్లో బాగానే లేచింది. మూడోదాంట్లో అడుక్కి కూర్చుంది. అక్కడున్నది యాసిడ్ కాదు, దాదాపు నీళ్ళే.

షాపు వెనక కోసి పడేసిన పాత బ్యాటరీ ఒకటుంటే చూపించాడు. చాక్లెట్ రంగు ప్లేటు పాజిటివ్, అంటే సీసపు డయాక్సైడు. బూడిద రంగుది నెగెటివ్, స్పంజిలా గుల్లబారిన సీసం. కరెంటు ఇచ్చేటప్పుడు రెండు ప్లేట్లూ యాసిడ్‌లోని సల్ఫేటును పీల్చుకుని సీసపు సల్ఫేటుగా మారతాయి, యాసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే అంతా వెనక్కి నడుస్తుంది. వాడేసిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే మాత్రం ఆ సల్ఫేటు గట్టి పలుకులు కడుతుంది, ఇక కరగనంటుంది. ప్లేట్లు లెక్కపెడితే నెగెటివ్‌లు ఒకటి ఎక్కువ. పాజిటివ్ ప్లేటు పనిచేస్తూ ఉబ్బుతుంది. రెండు వైపులా సమానంగా ఉబ్బకపోతే వంకరపోతుంది. అందుకే దాన్ని మామూలుగా రెండు నెగెటివ్‌ల మధ్యే కూర్చోబెడతారు.

ఈ రెండు రంగుల మధ్య కాగితంలా పలచటి సంచి ఉంటుంది. సెపరేటర్. కరెంటు పుట్టించేది కాదు, దాచేదీ కాదు. యాసిడ్‌ను పోనిచ్చి ప్లేట్లను మాత్రం తగలనివ్వదు, అంతే. నన్నడిగితే సెల్లులో అసలు పనిమంతురాలు ఇదే.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే మొదటి సెల్లు చేసినప్పుడూ ఇదే చిక్కు. రెండు సీసపు రేకుల్ని తగలకుండా, మధ్య పట్టీలు పెట్టి చాపలా చుట్టి యాసిడ్‌లో ముంచాడు. డైనమోలు లేని కాలం కాబట్టి వేరే బ్యాటరీలతోనే దాన్ని చార్జి చెయ్యాల్సివచ్చేది. రేకు మీద పనికొచ్చే పొర కట్టడానికి నెలలకొద్దీ ఎక్కించడం, దించడం. 1881లో కమీల్ ఫోర్ ఆ కష్టం తప్పించాడు. సీసపు ఆక్సైడు ముద్ద చేసి ప్లేటుకు మెత్తేశాడు. గోడకు సున్నం మెత్తినంత సులువు. త్వరలోనే ఆ ముద్ద నిలవడానికి సీసపు జాలీ వచ్చింది. ఈనాటి లారీ బ్యాటరీలోనూ ఉన్నది అదే.

1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ ఈ బ్యాటరీతో తిరిగే ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాడు. హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ తగ్గింది. మనవాళ్ళు స్టార్టర్‌ను వదిలేసి సెల్ఫ్ ఒక్కటీ ఉంచుకున్నారు: "సెల్ఫ్ అందుకోట్లేదు."

ఈ సెల్లు ఎంత పని చెయ్యగలదో విశాఖవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఆర్కే బీచ్‌లోనే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన కుర్సురా జలాంతర్గామి. నీటిపైన డీజిల్ ఇంజన్లు, నీటి అడుగున సీసపు సెల్లులు. ఆ తరగతి జలాంతర్గాముల్లో 448 సెల్లులు ఉండేవి. సిబ్బందికి రెండు భయాలు: చార్జింగ్ ముదిరితే నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, సముద్రపు నీళ్ళు సెల్లులోకి చేరితే క్లోరిన్ వస్తుంది. మొదటి భయం మేస్త్రికీ ఉంది. చార్జింగ్ బల్ల దగ్గర బీడీ వెలిగిస్తే డ్రైవర్‌ని బయటికి తరిమేస్తాడు.

సీసానికీ ఈ ఊరితో చుట్టరికముంది. గాజువాక పక్కన మింది దగ్గర 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ కర్మాగారంలో, పేరులో లేకపోయినా, సీసం కూడా తీసేవారు. ఇప్పుడది మూతపడింది. పాత బ్యాటరీ సీసాన్ని కరిగించి మళ్ళీ ప్లేట్లుగా పోస్తారు. ఎవరుపడితే వాళ్ళు పెరట్లో కరిగిస్తే మాత్రం ఆ పొగ, ఆ మట్టి పిల్లల రక్తంలోకి చేరతాయి.

కోసిన బ్యాటరీలోని సంచి ఒకటి వెలుతురుకేసి పట్టి చూపించాడు మేస్త్రి. అంచున సూదిమొనంత చిల్లు. దీని ప్రాణం తీసింది అదే.

"ఆ ఒక్క సెల్లూ మార్చెయ్యకూడదా?" అన్నాడు లారీ డ్రైవర్.

"నల్ల రబ్బరు పెట్టెలున్నప్పుడు పైన తారు కరిగించి మార్చేవాణ్ణి. ఇప్పుడంతా ఒకే ప్లాస్టిక్ అతుకు కదా," అంటూ ఐదు బతికున్న సెల్లులతో సహా బ్యాటరీని ఎత్తి కాటా మీద పెట్టాడు.