లెక్కలో గడప తప్పితే అడిగేది సూపర్‌వైజరునే

అవనిగడ్డ:

జనాభా లెక్కలు అనగానే జనానికి గుర్తుకు వచ్చేది భుజానికి సంచీ తగిలించుకుని గడప ముందు నిలబడిన పంతులుగారే. ఆ పంతులుగారి వెనుక మరొకరు ఉంటారన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన సూపర్‌వైజరు. 2011 లెక్కల్లో ఆరుగురు ఎన్యూమరేటర్లకు ఒక సూపర్‌వైజరును నియమించారు. ఒక్కొక్క ఎన్యూమరేటరుకు ఒక బ్లాకు. బ్లాకులో ఆరేడు వందల మంది జనం. అంటే ఒక్క సూపర్‌వైజరు నెత్తిన సుమారు 4 వేల మంది లెక్క ఉన్నదన్నమాట. పైన ఛార్జి ఆఫీసరుగా తహసీల్దారు, కింద ఆరుగురు పంతుళ్లు. ఎక్కడ తేడా వచ్చినా అందరూ చూసేది ఆయన వంకే.

దివిసీమలో ఒక ప్రధానోపాధ్యాయుడు 2001లో ఎన్యూమరేటరుగా, 2011లో సూపర్‌వైజరుగా ఈ పని చేశారు. ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. ఇల్లిల్లూ తిరిగి రాయడం కంటే రాసినవారి చేత సరిగా రాయించడమే కష్టమని ఆయన అనుభవం. ఆరుగురిలో ఇద్దరు ఆయన కంటే సర్వీసులో పెద్దవారు. వారి ఫారంలో తప్పు చూపించాలంటే ఎంత మెత్తగా చెప్పాలో ఊళ్లో ఉద్యోగం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్క జరిగింది. ఫిబ్రవరి అంటే దివిసీమలో మినుము పీకే రోజులు. పొద్దు పొడవక ముందే పొలం వెళ్లినవారు దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరరు. పంతుళ్లకేమో పగలు బడి. అందువల్ల లెక్కంతా తెల్లవారుజామున, చీకటి పడ్డాక జరిగింది. నాగాయలంక మండలంలో ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ వంటి లంకలకు పడవ ఎక్కి వెళ్లవలసిందే. తిరుగు పడవ తప్పితే రాత్రి అక్కడే.

సాయంత్రం బడి వరండాలో ఆరుగురూ చేరేవారు. సూపర్‌వైజరు మొదట ఫారాలు తీసేవారు కాదు, పటం తీసేవారు. నజరీ నక్షా అని పిలిచే ఈ చేతి పటంలో పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం గీస్తారు. దారులు, గుళ్లు, కాలవలు గుర్తిస్తారు. ఏ వీధి ఏ బ్లాకులోదో తేల్చేది ఆ పటమే. ఒక సాయంత్రం రెండు పక్క బ్లాకుల పటాలు ఒకదాని సరసన ఒకటి పెట్టి చూడగా రెండింటికీ మధ్య మురుగు కాలవ హద్దుగా ఉన్నది. ఇటు పటంలో కాలవ గట్టు ఖాళీ. అటు పటంలోనూ ఖాళీ. ఆ గట్టు మీద యానాదుల గుడిసెలు ఉన్నట్టు ఆయనకు తెలుసు. అవి అవతలి బ్లాకువని ఒకరు, ఇవతలి బ్లాకువని ఇంకొకరు వదిలేశారు. ఎవరిదీ దొంగబుద్ధి కాదు. హద్దు మీద ఉన్న ఇల్లు ఎప్పుడూ పక్కవాడిదే అనిపిస్తుంది.

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆయన గట్టు వెంట నడిచారు. గుడిసెలు పది లోపే. రెండింటికి తడికె అడ్డం పెట్టి ఉన్నది. ఆ ఇళ్లవాళ్లు రొయ్యల చెరువులకు కాపలా వెళ్లారని పక్కవారు చెప్పారు. ఇక్కడ రాసేస్తే సరిపోతుందా అంటే పోదు. లెక్క జరిగే రోజులన్నీ చెరువు గట్టునే ఉంటే వారిని అక్కడే రాయాలి, మధ్యలో ఇంటికి వచ్చిపోతుంటే ఇక్కడ రాయాలి. రెండు చోట్లా రాస్తే ఒక మనిషి ఇద్దరవుతాడు, ఎవరూ రాయకపోతే మనిషే ఉండడు. ఈ ఒక్క సంగతి తేల్చడానికి చెరువుల దాకా వెళ్లి అడిగి రావలసి వచ్చింది. తర్వాత పటంలో గట్టు మీద త్రిభుజాలు వచ్చాయి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? పంచాయతీలో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించే స్థానాలు జనాభాను బట్టే లెక్క కడతారు. మన రాష్ట్రంలో 2013లోను, 2021లోను జరిగిన పంచాయతీ ఎన్నికలు రెండూ 2011 అంకెల మీదనే నడిచాయి. 2013 ఆహార భద్రత చట్టం కింద చౌక బియ్యం ఎంతమందికి అన్నదీ ఆ అంకెలతోనే తేల్చారు. 2021లో జరగవలసిన లెక్కలు జరగలేదు. గట్టు మీది గుడిసె 2011లో తప్పి ఉంటే తిరిగి 2027లో గాని అది లెక్కకు రాదు. లెక్కలు అయిన తర్వాత ప్రభుత్వమే మళ్లీ నమూనాగా కొన్ని చోట్ల తనిఖీ చేయించగా దేశం మొత్తం మీద 2011లో వెయ్యికి 23 మంది వంతున తప్పిపోయినట్టు తేలింది. ఆ 23 మంది మేడల్లో ఉండేవారు మాత్రమే అనుకోలేము.

ఫారాలు చూడడంలోనూ ఆయనకు కొన్ని గుర్తులు ఉండేవి. ఇంటి వయసులన్నీ 30, 35, 40, 45 అని ఉంటే ఆ ఫారం వెనక్కి వెళ్లేది. పుట్టిన ఏడు ఎవరికీ తెలియదని పంతుళ్లు అంటే, ఉప్పెన గురించి అడగమనేవారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఎవరు మరిచిపోతారు? ఆనాడు తల్లి చంకలో ఏడాది పిల్లగా ఉన్నామెకు 2011లో 34 ఏళ్లు. అప్పటికి పెళ్లి అయిందా, బడికి పోతున్నదా అని అడిగితే వయసు దానంతట అదే వస్తుంది. ఇక, కొత్తగా పెళ్లయిన జంట ఇళ్లలో ఇద్దరే అని రాసి ఉంటే ఉయ్యాల ఉన్నదా చూశారా అని అడిగేవారు. పొత్తిళ్లలో బిడ్డను మనిషి కింద చెప్పడం మనవాళ్లకు అలవాటు లేదు. ఏడాది నిండని బిడ్డకు వయసు సున్నా అని రాయాలి, కాని రాయడం మాత్రం రాయాలి.

అన్నిటికంటే ఎక్కువ పేచీ ఆడవారి పని దగ్గర వచ్చేది. పని గడిలో ఏం రాయమంటారని అడిగితే, ఇంట్లోనే ఉంటుందండీ అని మగవారు చెప్పేస్తారు. పంతుళ్లు అదే రాసేస్తారు. కాని జనాభా లెక్కల నిబంధన వేరు. సొంత పొలంలో కూలి లేకుండా చేసినా పనే. పాలు అమ్మకపోయినా, ఇంటి వాడకానికే గేదెను మేపి పాలు తీసినా పనే. ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా చేస్తే ప్రధాన పని కింద వస్తుంది. ఒక ఎన్యూమరేటరు తెచ్చిన ఫారాల్లో ఊరి ఆడవారందరికీ పని లేదని ఉండడంతో సూపర్‌వైజరు ఆయన్ను వెంటబెట్టుకుని అవే ఇళ్లకు వెళ్లారు. పని ఉన్నదా అని అడగలేదు. గేదెకు మేత ఎవరు వేస్తారు, నాట్లకు ఎవరు వెళ్లారు అని అడిగారు. జవాబులు మారిపోయాయి. కొందరు మగవారు నవ్వారు, కొందరికి నచ్చలేదు.

మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే ముసలమ్మలను చూసి పంతుళ్లు విసుక్కునేవారు. ఆమెను బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. ఆచారం అడ్డు వచ్చినచోట భర్త పేరు స్త్రీ చెప్పనక్కర లేదని 1948 జనగణన చట్టంలోనే రాసి ఉన్నది. పక్కింటి పిల్లవాడిని అడిగితే సరిపోయేదానికి చట్టం దాకా పోవలసిన పని లేదు గాని, సంగతి తెలిసి ఉండడం మంచిది. అదే చట్టం మరో మాట చెబుతున్నది. ఇంటి వివరాలు ఎవరికీ చూపరాదు, కోర్టులో సాక్ష్యంగా పనికిరావు. కార్డు పోతుందని, పన్ను వేస్తారని భయపడి అన్నదమ్ముల కాపురాలు దాచినవారు ఉన్నారు. జనాభా లెక్కలకు కావలసింది కార్డులు కాదు, పొయ్యిలు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగితే రెండు కుటుంబాలే.

ఫిబ్రవరి 28 రాత్రి మాత్రం సూపర్‌వైజరుకు నిద్ర లేదు. ఇల్లు లేనివారిని ఆ ఒక్క రాత్రే లెక్కించాలి. బస్టాండులు, గుళ్ల మంటపాలు, కాలవ లాకులు, బాతుల మందలతో పొలాల్లో మకాం వేసినవారు, అందరి దగ్గరకూ టార్చిలైటు పట్టుకుని తిరిగారు. ముందే వెళ్లి ఎక్కడ ఎవరు పడుకుంటారో చూసి పెట్టుకున్నందువల్ల పని తేలికయింది. ఆ తర్వాత మార్చి 1 నుంచి 5 వరకు మళ్లీ ఇంటింటికీ వెళ్లి పుట్టుకలు, చావులు సరిచూశారు. 28 అర్ధరాత్రి గంట కొట్టకముందు పుట్టిన బిడ్డ లెక్కలో ఉంటుంది, కొట్టాక పుట్టిన బిడ్డ ఉండదు. ఆ రాత్రి మంచంలో ఉన్న పెద్దాయన ఎన్ని గంటలకు పోయారని ఏడుస్తున్న ఇంటిలో అడగడం ఎవరికి ఇష్టం? ఆ ఇంటికి మాత్రం ఆయన ఎన్యూమరేటరును పంపలేదు, తానే వెళ్లారు.

1981 లెక్కల నాటికి ఊళ్లలో కరణాలు ఉండేవారు. ఏ గుడిసె ఎవరిదో వారికి నోటికి వచ్చు. 1984లో ఆ ఉద్యోగాలు పోయాయి. ఇక కొత్త లెక్కల సంగతి. 2025 జూన్ 16 నాటి ప్రకటన ప్రకారం 2027 మార్చి 1వ తేదీ ప్రారంభ ఘడియే లెక్కకు ఆధారం. కాగితం ఫారాల బదులు మొబైలు ఫోను. కులం కూడా అడుగుతారు. 1931 తర్వాత అన్ని కులాల అంకెలూ జనాభా లెక్కల్లో వెలువడలేదు కనుక ఆ గడి మీద తగాదాలు ఎక్కువ కావచ్చు. వాటిని సర్దవలసింది కూడా సూపర్‌వైజరే.

పాత ప్రధానోపాధ్యాయుడి దగ్గర 2011 నాటి చిన్న నోటుబుక్కు ఇంకా ఉన్నది. అందులో ఇళ్ల వివరాలేమీ లేవు, దారుల గుర్తులు మాత్రం ఉన్నాయి. మురుగు కాలవ పూడిక తీసినప్పుడు గట్టు మీది గుడిసెలు దిగువకు జరిగాయి. పాత పటం చూసి వెళ్లినవారికి అక్కడ ఖాళీ గట్టే కనబడుతుంది. అందుకని ఆయన ఒకరోజు మండల కార్యాలయానికి వెళ్లి, లాకు దాటాక ఎడమ వైపు చూడమని చెప్పి వచ్చారు.