ఫ్లెచర్ జైలు నుంచి బయటికొచ్చాక

ఒక సిట్‌కామ్‌లోంచి ఒకటో రెండో పాత్రల్ని బయటికి తీసి, వాళ్ళకి వేరే సీరియల్ పెడితే దాన్ని స్పిన్-ఆఫ్ అంటారు. నేనైతే 'పిలక' అంటాను. అరటి చెట్టు పక్కన లేచిన పిలకని తవ్వి ఇంకోచోట నాటుతారు కదా, అదే పని. 'యెస్ మినిస్టర్'ని హిందీలో 'జీ మంత్రీజీ'గా తీశారు, అది పిలక కాదు, రీమేక్. బ్రిటిష్ టీవీవాళ్ళు పిలకలు బోలెడు నాటారు. తల్లిచెట్లు అందరికీ గుర్తున్నాయి, పిలకల్లో చాలావాటిని మర్చిపోయారు. ఎందుకలా అని చూస్తే నాకు ఒక కారణం కనిపించింది.

మంచి సిట్‌కామ్‌లో మనుషులు ఎక్కడో ఇరుక్కుని ఉంటారు. ఇష్టం లేనివాళ్ళతో, వదిలిపోయే దారి లేకుండా. తలుపు తీసుకుని వెళ్ళిపోగలిగితే గొడవ ఉండదు, గొడవ లేకపోతే నవ్వూ ఉండదు. హాస్టల్లో ఒకే రూమ్‌లో నలుగురు ఉన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇరుక్కోవడం అంటే జైలు కన్నా ఏముంది? 1974 నుంచి 1977 దాకా బీబీసీలో వచ్చిన 'పోరిడ్జ్' అచ్చంగా జైలు కథ. పోరిడ్జ్ అంటే జావ. మనం ఊచలు లెక్కపెట్టడం అన్నట్టు వాళ్ళు జైల్లో ఉండటాన్ని ఆ మాటతో చెప్తారు. రాసింది డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే. రానీ బార్కర్ వేసిన ఫ్లెచర్ చేయి తిరిగిన దొంగ. అదే సెల్‌లో గాడ్‌బర్ అనే కుర్రాడు, మొదటిసారి లోపలికొచ్చినవాడు. ఆ వేషం రిచర్డ్ బెకిన్‌సేల్‌ది. వీళ్ళ మీద నిఘాకి మాకే అనే వార్డరు. ఫ్లెచర్‌కి పారిపోవాలని ఉండదు. రోజుకో చిన్న గెలుపు చాలు. ఎవరో అతని అనాసముక్కల డబ్బా కొట్టేశారని ఒక ఎపిసోడ్ ఎపిసోడే నడుస్తుంది! బయట ఆ డబ్బాకి విలువేముంది? లోపల అదే ఆస్తి.

1978లో అతన్ని విడుదల చేసి 'గోయింగ్ స్ట్రెయిట్' అనే పిలక నాటారు. మొత్తం 6 ఎపిసోడ్లు. మొదటి దాంట్లో ఫ్లెచర్ ఇంటికి వెళ్తూ రైలెక్కితే అక్కడ మాకే కనిపిస్తాడు. ఇద్దరూ మామూలు ప్రయాణికులే. ఒకడికి ఆజ్ఞాపించే అధికారం లేదు, ఇంకోడికి మస్కా కొట్టాల్సిన అవసరం లేదు. ఏళ్ళ తరబడి కొట్టుకున్నవాళ్ళకి ఇప్పుడు కొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. నవ్వు తగ్గింది నిజమే. కానీ ఆ తగ్గడంలోనే ఏదో ఉంది.

ఇంటికొస్తే భార్య ఇంకొకరితో వెళ్ళిపోయింది. కూతురు ఇంగ్రిడ్, కొడుకు రేమండ్ ఉన్నారు. రేమండ్‌గా వేసిన నికొలస్ లిండ్‌హర్స్ట్ తర్వాత 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్'తో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. గాడ్‌బర్ కూడా బయటికొచ్చి లారీ తోలుతూ ఇంగ్రిడ్‌ని పెళ్ళి చేసుకోబోతున్నాడు. ఫ్లెచర్‌కి ఒక చిన్న హోటల్లో రాత్రి డ్యూటీ దొరుకుతుంది. జైల్లో అందరూ సలహా అడిగిన మనిషి ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. కూతురి పెళ్ళి ఖర్చు మీద పడేసరికి పాత వృత్తి మళ్ళీ పిలుస్తుంది. శిక్ష అయిపోయాక మనిషి ఎలా బతకాలి అన్న ప్రశ్నని నవ్వుల సీరియల్లో అడగడం చిన్న విషయం కాదు. 'పోరిడ్జ్' అంత నవ్వించలేదని దీన్ని పక్కన పెట్టేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అప్పట్లో బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. 1979 మార్చిలో బెకిన్‌సేల్ 31 ఏళ్ళకే చనిపోయాడు. రెండో సిరీస్ రాలేదు.

దీనికన్నా మరుగునపడింది ఇంకోటుంది, అది టీవీలో కాదు, రేడియోలో. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరిని కాపలా కాసే వయసు మళ్ళిన వలంటీర్ల కథ 'డాడ్స్ ఆర్మీ', 1968 నుంచి 1977 వరకు 80 ఎపిసోడ్లు. అందులో మేనరింగ్ బ్యాంకు మేనేజరు, దళానికి కెప్టెన్. విల్సన్ బ్యాంకులో అతని కింద గుమాస్తా, దళంలో సార్జెంటు. అంటే పగలూ రాత్రీ ఇద్దరికీ అదే వరస. పిలక పేరు 'ఇట్ స్టిక్స్ అవుట్ హాఫ్ ఎ మైల్'. యుద్ధం అయిపోయింది. సముద్రంలోకి కట్టిన ఒక పాడుబడ్డ వంతెన లాంటి పియర్‌ని బాగుచేయాలని మేనరింగ్ అప్పు కోసం బ్యాంకుకి వెళ్తాడు. కుర్చీలో మేనేజరుగా ఎవరున్నారు? విల్సన్!

చూశారా, ఇక్కడ బోను తీసేయలేదు, తిరగేశారు. నాకు తెలిసిన పిలకల్లో ఇంత తెలివైన ఆలోచన ఇంకోటి లేదు. కానీ ఆ పైలట్ రికార్డు చేశాక, 1982లో మేనరింగ్ వేషధారి ఆర్థర్ లోవ్ చనిపోయాడు. కథ మార్చి, అప్పు అడిగే పనిని హాడ్జెస్, పైక్ అనే పాత్రలకి ఇచ్చి 13 ఎపిసోడ్లు చేశారు. అవి 1983 నవంబరులో మొదలయ్యాయి. విల్సన్‌గా చేసిన జాన్ లె మెజరియర్ అదే నెలలో పోయాడు. తర్వాత పాత్రల పేర్లు మార్చి అదే పియర్ కథని టీవీకి ఎక్కించారు కానీ, మేనరింగ్ విల్సన్ ముందు చేతులు కట్టుకుని నిలబడటంలోని రుచి పేర్లు మారిస్తే వస్తుందా?

మిగతావి రెండు మాటల్లో. 'ఆర్ యూ బీయింగ్ సర్వ్‌డ్?' బట్టలకొట్టు ఉద్యోగుల్ని 1992లో 'గ్రేస్ అండ్ ఫేవర్'లో పల్లెటూరి బంగళాకి తీసుకెళ్ళారు. కౌంటరు లేదు, ఎవరు ఎవరికన్నా సీనియరు అన్న తగువు పలచబడింది. 12 ఎపిసోడ్లతో సరి. 'లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్' ముసలివాళ్ళ కుర్రతనం కథగా 1988లో 'ఫస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్' వచ్చింది. క్లెగ్ వేషం వేసే పీటర్ సాలిస్ ఇందులో కుర్ర క్లెగ్‌కి తండ్రి. కథ 1939లో, యుద్ధం గుమ్మంలో ఉండగా. ఇది రెండు సిరీస్‌లు నడిచింది.

మరి బతికిన పిలక లేదా? ఉంది. 'మ్యాన్ అబౌట్ ది హౌస్'లో ఇంటి ఓనర్లయిన మొగుడూపెళ్ళాలకి 1976లో 'జార్జ్ అండ్ మిల్‌డ్రెడ్' పెడితే 1979 దాకా దిలాసాగా సాగింది. ఇల్లు మారింది, వీధి మారింది. బోను మాత్రం వాళ్ళ పెళ్ళే కాబట్టి సామానుతో పాటు అదీ వెంట వచ్చింది. పిలకని తల్లిదుంప ముక్కతో సహా తవ్వి నాటాలని అరటి వేసేవాళ్ళు ఊరికే అనరు.

క్లెమెంట్, లా ఫ్రెనే మళ్ళీ 2016లో 'పోరిడ్జ్' రాశారు. ఈసారి ఫ్లెచర్ మనవడి కథ. వాడిని మాత్రం నేరుగా జైల్లోనే పెట్టారు. నేరం ఏంటంటే హ్యాకింగ్, మన సీఎస్‌ఈ బ్యాచ్ అన్నమాట. 2017లో 6 ఎపిసోడ్ల సిరీస్ ఒకటి వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. బోను పాతదే, తాతే లేడు.