ఒకే బ్యాటరీ నుంచి ప్లస్, మైనస్

రైల్వే స్టేషన్లలో పసుపు బోర్డు మీద ఊరి పేరుతో పాటు సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా రాసి ఉంటుంది. నాన్నగారి బదిలీలో, అమ్మ బదిలీలో పుణ్యమా అని మనం అలాంటి బోర్డులు చాలానే చదివి ఉంటాం. డార్జిలింగ్ దగ్గరి ఘూమ్ స్టేషన్ ఎత్తు 2258 మీటర్లు. కేరళలోని కుట్టనాడు వెళితే చాలా వరిపొలాలు సముద్ర మట్టం కంటే దిగువన ఉంటాయి, వాటి ఎత్తు మైనస్‌లో చెప్పాలి. ఆ మట్టిలో మైనస్ ఏమీ లేదు. సున్నాను ఎక్కడ పెట్టుకున్నాం అన్నదాన్ని బట్టి వచ్చిన లెక్క అది.

వోల్టేజ్ సంగతీ ఇంతే. 9 వోల్టుల బ్యాటరీ మైనస్ కొనకు మీటరు నల్ల వైరు పెట్టి, ఎర్ర వైరు ప్లస్ కొనకు తాకిస్తే +9 చూపిస్తుంది. వైర్లు అటూ ఇటూ మార్చండి, -9 చూపిస్తుంది. బ్యాటరీ మాత్రం అదే.

మైనస్ వోల్టేజ్‌తో మనకు పనేమిటి? మైక్రోఫోన్ ముందు మాట్లాడితే పుట్టే సిగ్నల్ సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. దాన్ని పెంచే ఆప్ ఆంప్ ఐసీకి 0, +9 మాత్రమే ఇస్తే అది సున్నా కిందికి దిగలేదు. అలలో కింది సగం తెగిపోతుంది, గొంతు బొంగురుగా వినిపిస్తుంది. అందుకే చాలా సర్క్యూట్ బొమ్మల్లో ప్లస్, సున్నా, మైనస్ అని మూడు వైర్లు కనిపిస్తాయి.

రెండు బ్యాటరీలు వరుసగా కలిపి, మధ్య కలయికను సున్నా అనుకోవడం అన్నిటికన్నా తేలిక. ఒక్కటే ఉంటే? రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లను బ్యాటరీకి అడ్డంగా వరుసగా కలపండి. మధ్య బిందువు సరిగ్గా సగంలో, 4.5 వోల్టుల దగ్గర ఉంటుంది. దాన్ని సున్నా అంటే పైన +4.5, కింద -4.5.

చూడటానికి బాగానే ఉంది, పని చెబితేనే చిక్కు. ఆ మధ్య బిందువుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 1 కిలో ఓమ్ లోడ్ పెట్టామనుకోండి. కింది 10 కిలో ఓమ్‌తో అది సమాంతరంగా చేరి 0.91 కిలో ఓమ్ అవుతుంది. లెక్క కడితే మధ్య బిందువు 4.5 నుంచి 0.75 వోల్టులకు పడిపోతుంది. పేరుకే సున్నా, నిలకడ లేదు. అందుకే మధ్య బిందువును ఎల్‌ఎం358 లాంటి ఆప్ ఆంప్‌కు ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ను సున్నాగా వాడతారు. కొన్ని మిల్లీ ఆంపియర్ల దాకా అది కదలకుండా నిలబడుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. అదే బ్యాటరీతో నడిచే రెండో సర్క్యూట్ బ్యాటరీ మైనస్‌నే సున్నా అనుకుంటుంది. రెండిటి సున్నాలనూ వైరుతో కలిపితే కింది సగం షార్ట్ అయినట్టే.

ఆ బాధ లేని పద్ధతి చార్జ్ పంప్. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఇది ఉన్న వోల్టేజ్‌ను పంచుకోదు, నిజంగానే సున్నా కిందికి వెళుతుంది. ఒక కెపాసిటర్‌ను 5 వోల్టులకు చార్జ్ చేసి విడదీయండి. ఇప్పుడది చిన్న సెల్ లాంటిది, పై కాలు కింది కాలి కన్నా 5 వోల్టులు ఎక్కువ. ఆ పై కాలును తీసుకెళ్లి సున్నాకు కలిపితే కింది కాలు ఎక్కడికి పోవాలి? -5కి! ఆ చార్జ్‌ను రెండో కెపాసిటర్‌లోకి వంపి, మొదటిదాన్ని మళ్లీ నింపుకోవడానికి వెనక్కి పంపాలి. బిందెతో నీళ్లు మోసి తొట్టి నింపినట్టు.

ఐసీఎల్7660 అనే ఎనిమిది కాళ్ల ఐసీ లోపలి స్విచ్‌లు ఈ పనిని సెకనుకు వేల సార్లు చేస్తాయి. బయట మనం పెట్టాల్సింది 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు. ఒకటి 2, 4 కాళ్ల మధ్య, రెండోది 5, 3 కాళ్ల మధ్య. 8వ కాలుకు +5, 3వ కాలుకు సున్నా ఇస్తే 5వ కాలు దగ్గర -5 వస్తుంది. అయితే దాని లోపలి నిరోధం దాదాపు 55 ఓమ్‌లు. 10 మిల్లీ ఆంపియర్లు లాగితే 0.55 వోల్టు అక్కడే పోయి -4.45 మిగులుతుంది. కాబట్టి దీంతో మోటారు తిప్పాలని చూడకండి.

పాత కంప్యూటర్ల సీరియల్ పోర్టుకు ప్లస్, మైనస్ రెండు వోల్టేజ్‌లూ కావాలి. 1987లో మ్యాక్సిమ్ కంపెనీ తెచ్చిన మ్యాక్స్232 ఐసీ ఇదే కిటుకుతో 5 వోల్టులను ముందు రెట్టింపు చేసి, తర్వాత తిరగేసి, దాదాపు ±10 వోల్టులు తయారుచేసింది.

ఎగ్జిబిషన్‌కు 7660 సర్క్యూట్ కడితే రెండో కెపాసిటర్ ప్లస్ కాలు 3వ కాలుకు, అంటే సున్నాకు పోవాలి, మైనస్ కాలు 5వ కాలుకు. అవుట్‌పుట్ కదా అని ప్లస్‌ను అటు పెడితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉబ్బి పాడవుతుంది. స్విచ్ వేసే ముందు దాని ఒంటి మీద ఉన్న మైనస్ గీత ఎటు ఉందో ఇంకోసారి చూడండి.