మీకు తెలుసా? జావా జట్టీ మీ జేబులోనే ఉంది

మధిర బజారులో ఆండ్రాయిడ్ ఫోన్ తీసి డబ్బు చెల్లిస్తున్నారా? దాని వెనుక పదేళ్లకు పైగా నడిచిన వ్యాజ్యం ఉంది. ఆండ్రాయిడ్ కోసం జావా ప్రోగ్రామింగ్ భాష ఏపీఐ (ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి వాడుకునే అనుసంధానం) నుంచి సుమారు 11,500 వరుసల డిక్లరేషన్లను గూగుల్ తీసుకుంది. వాటి వెనక పనిచేసే కోడ్‌ను మాత్రం సొంతంగా రాసుకుంది. దాంతో జావా యజమాని ఒరాకిల్ 2010లో కోర్టుకెక్కింది. 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6–2తో అది న్యాయమైన వాడకమేనంది. ఏపీఐకి అసలు కాపీరైట్ ఉందా అన్నది తేల్చనేలేదు; నా దృష్టిలో అది పెద్ద లోటు.

మన దేశంలో? స్వతంత్రంగా రాసిన ప్రోగ్రాం మరోదానితో కలిసి పనిచేయడానికి తప్పనిసరైన సమాచారం వేరేచోట సులభంగా దొరక్కపోతే, దాన్ని రాబట్టుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. కోడింగ్ నేర్చుకుంటున్న మధిర పిల్లలూ, ఆ సెక్షన్ ఒకసారి చదవండి.